ఉగ్గుగిన్నె మీది పేరు

9-4-2025, బుధవారం. ప్రొద్దుటూరు.

ఉదయం తొమ్మిది దాటిన పిమ్మట అపర్ణకు ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం. శిశువు బరువు తక్కువన్నది డాక్టరమ్మ. ఎంత తక్కువని మా అబ్బాయి శ్రీవత్స అడిగాడు. ఆమె చెప్పింది. అతడు బెంచీ మీద కూర్చుండిపోయాడు. నేను నిలబడే ఉన్నాను.

తొలికాన్పు ఆచారం ప్రకారం కోడలి పుట్టింట, పులివెందులలో జరిగింది. దానిని గురించి ఇక్కడ వ్రాయవలసినది లేదు. రెండవ కాన్పు మా బాధ్యత.

శిశువు మణికట్టుకు చుట్టిన పట్టీ మీద తల్లి పేరు 'అపర్న' అని వ్రాశారు. నర్సును పిలిచి చూపించాను. "ఏ న అయినా ఒకటే గదా సార్" అన్నది. ఒకటి కాదు. కలం అడిగి దిద్దాను.

ఇంటికి రాగానే జానకి బీరువా తలుపు పట్టుకొని, "ఏమండీ, ఆ వెండి గిన్నె తీసి తోమి పెట్టనా?" అని అడిగింది. వద్దన్నాను.

"మరి ఉగ్గు దేంతో పోసేది?"

ఇంట్లో స్టీలు గిన్నెలు లేవా అన్నాను.

12-4-2025, శనివారం.

తల్లీ బిడ్డా ఇంటికి వచ్చారు. సాయంకాలం అపర్ణ నన్ను గడప దగ్గరికి పిలిచింది.

"మామయ్యా, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. ఈ బిడ్డకు ఇప్పుడే పేరు పెట్టొద్దండి. నేను చెప్పేదాకా ఎవరూ పెట్టొద్దు."

"అట్లే" అన్నాను.

"మనసులో గూడా పెట్టొద్దు."

మామగారి మనసులో జరిగే వాటిపై కోడలికి అధికారం ఉన్నదా అనే ప్రశ్న వేరు. అట్లే అన్నాను.

నేను జమ్మలమడుగు హైస్కూలులో తెలుగు చెప్పినన్నాళ్ళు ఆ ఊరిలో ఆడపిల్ల పుడితే పేరుకు నా దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడు ఫోను దగ్గరికి వెళుతున్నారు. ఎదురింటివారు ఫోనులో వెదకి మనుమరాలికి ఒక పేరు పెట్టారు. అర్థమేమని అడిగితే దేవత అన్నారు. ఏ దేవత అని అడిగితే ఫోను చూసి చెబుతామన్నారు. ఇంతవరకు చెప్పలేదు.

ఇకపై ఇక్కడ పేర్లను గురించి నేను వ్రాసేది సాధారణ విచారణ. ఈ శిశువుతో దానికి సంబంధం లేదు.

14-4-2025, సోమవారం.

సాధారణ విచారణ. ఆడపిల్ల పేరుకు కావలసినవి: అర్థం ఉండాలి, నలుగురికీ ఉండరాదు, పలకడానికి శ్రమ ఉండరాదు. నేను ఉద్యోగం విరమించిన ఏడాది ఒకే తరగతిలో హాసినులు నలుగురు. ఒకరిని పిలిస్తే నలుగురూ లేచేవారు, లేదా ఎవరూ లేచేవారు కారు.

పేరు నిఘంటువులో బాగున్నంత మాత్రాన చాలదు. దానిని బయటికి పిలిచి చూడాలి. మొదట హాజరు పట్టీలో పిలిచినట్టు, తరువాత తప్పు చేసిన పిల్లను పిలిచినట్టు, చివరకు పొద్దుగూకే వేళ వీధిలో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు. ఈ మూడింటికీ నిలిచినదే పేరు. హాజరు విషయంలో నాకొక పద్ధతి ఉండేది. పలకని పిల్లను మరొకసారి పిలిచిన తరువాతనే గైర్హాజరు వేసేవాడిని.

ఇంట్లో పైకి పిలిచి చూడడానికి వీలు లేదు. అపర్ణ గది వసారాకు ఆనుకునే ఉంది.

20-4-2025, ఆదివారం.

పురుడు తీరింది. నామకరణం లేదు. పురోహితుడికి వద్దని శ్రీవత్సే చెప్పి వచ్చాడు.

స్నానం ముగించి వచ్చేసరికి పక్కింటి మాబున్ని మా శిశువును ఎత్తుకొని తన గుమ్మంలో నిలబడి ఉంది. జానకి, అపర్ణ మా గుమ్మంలో ఉన్నారు. జానకి చేతిలో చేట, చేటలో తవుడు.

"ఏంది అయివారూ అట్ల జూస్తాండారు?" అన్నది మాబున్ని. "బిడ్డను నాకిచ్చేసినారు. ఇంగ మీకూ దానికీ ఏం లేదు, పొండి."

జానకి ఏమీ ఎరగనట్టు ముందుకు పోయి, "ఏం మాబున్నీ, బిడ్డ బాగుందే, అమ్ముతావా?" అని అడిగింది.

"నల్లగుంది, సన్నంగుంది, ఏడుపుగొట్టుది. చేటెడు తవుడిస్తే తీస్కపో."

తవుడిచ్చి మనుమరాలిని కొన్నది. ఆ తవుడైనా మాబున్ని తన బర్రెల కోసం తెచ్చుకున్న బస్తాలోదే. జానకి పొద్దున్నే పోయి అడిగి తెచ్చింది.

ఇటువంటిది మన ఇండ్లలో లేదన్నాను.

"మన ఇండ్లలో లేనివి శానా జరిగినాయి లెండి" అన్నది జానకి.

"మొదటి బిడ్డ మూడు దినాలకే పాయె గదా అయివారూ" అన్నది మాబున్ని, గొంతు తగ్గించి. "తవుడుకు కొన్న బిడ్డ మింద యెవురి కన్నూ పడదు. తవిటమ్మ ఇది. ఏం మే తవిటీ? ఏం మే?"

అపర్ణ నవ్వింది. ఈ ఇంట్లో ఆమె నవ్వగా చూసి చాలాకాలమైంది. పేరు పెట్టవద్దన్నది నువ్వే కదా అని అడిగాను.

"అది పేరు కాదు మామయ్యా. దిష్టికి అడ్డం" అన్నది.

లోపలికి వచ్చి నిఘంటువు తెరిచాను.

22-4-2025.

శిశువు పాలు సరిగా త్రాగడం లేదు. ఉక్క.

23-4-2025.

త్రాగడం లేదు.

25-4-2025.

త్రాగింది. ఈ నెల కరెంటు కోతలు అధికంగా ఉన్నాయి.

13-5-2025, మంగళవారం.

బ్యాంకు పనిమీద జమ్మలమడుగు వెళ్ళాను. పని త్వరగా ముగిసింది. బడికి వెళ్ళాను. వేసవి సెలవులు, అటెండరు పాలయ్య వరండాలో గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ఎనిమిదవ తరగతి గది తాళం తీయించుకొని, బల్ల దగ్గర నిలబడి, ఏరి ఉంచుకొన్న పేర్లను వరుసగా పిలిచాను. ఖాళీ గదిలో గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.

"ప్రెజెంట్ సార్" అని వరండాలో నుండి సమాధానం వచ్చింది.

పాలయ్య కిటికీ ఊచలు పట్టుకొని చూస్తున్నాడు. "ఎవుర్ని పిలుస్తాండారు సార్? బడికి సెలవులిచ్చి శానా దినాలాయె."

"పేర్లను పరీక్షిస్తున్నాను."

"మీ చేతిలో పడితే అవి గూడా ఫెయిలయ్యేటివే."

నిజమే. మూడు పేర్లు తప్పాయి. మొదటిది హాజరు పట్టీలో బాగుంది గాని కోపంలో పలకలేదు. రెండవది కోపంలో మాత్రమే పలికింది. మూడవదాన్ని పాలయ్య రెండుమార్లు అని, మూడవమారు తనంతట తానే సగానికి కోసేశాడు. వీధి కూడా అదే చేస్తుంది.

నాల్గవది నీవార. విత్తనం చల్లకుండానే నీటి ఒడ్డున మొలిచే అడవి వరి. వేదంలో ఉన్న మాట. సంస్కృతంలో అది పుంలింగం. ఆ సంగతి నన్ను ఎవరూ అడగరు, నన్ను నేనే అడుగుకొని సమాధానం చెప్పుకొన్నాను. పాలయ్యను కోపంగా పిలవమన్నాను.

"నీవారా, ఆడేం జేస్తాండావు మే? ఇట్ల రా." ఊచలు వదిలి, "బాగుంది సార్. సంగటి ముద్ద మాదిరి గుటుక్కున దిగతాది" అన్నాడు.

ముద్దుపేర్లు కూడా చూశాము. నీవూ, నీరూ, వారమ్మ. పాలయ్యకు నీరూ నచ్చింది.

"మా మౌనికకు గూడా మీరే పెట్టినారు గదా. దాని నోరు మూయించేదానికి నేనూ నా పెండ్లాం రాహేలూ ఇద్దరం చాలం" అని నవ్వాడు. ఆ నవ్వులోనే అడిగాడు: "పెద్దపాపకు పెట్టిన పేరేంది సార్? కాన్పు గాకముందే ఉగ్గుగిన్నె మింద కొట్టించినా అని తెచ్చి నాకు జూపిస్తిరే. మంచి పేరు. మతికి రాల్యా."

బస్సుకు వేళయిందని లేచాను.

బస్సుకు ఇంకా చాలాసేపు ఉంది. స్టాండులో కూర్చున్నాను.

14-5-2025, బుధవారం.

పెట్టవద్దన్నదే గాని చెప్పవద్దనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, సాధారణ విచారణగానే, నీవార అనే మాటను ప్రస్తావించాను. అర్థం చెప్పాను. జమ్మలమడుగులో దానిని పిలిచి చూసిన విధానం చెప్పాను.

శ్రీవత్స కంచం వైపు చూశాడు. అపర్ణ మజ్జిగ కలుపుకోవడం ఆపింది.

"బాగుంది మామయ్యా. శానా బాగుంది. దానికి పెట్టింది గూడా బాగుండె."

జానకి అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

"పేరు పెట్టినంక పిలవాల గదా. ఈ రెండేండ్లలో ఒక్కసారన్నా పిలిచినారా దాన్ని? మీరొక్కరే గాదు, ఈ ఇంట్లో ఎవరన్నా? నేను ఆ పేరంటే అందరూ టీవీ సౌండు పెంచుతారు."

లేనివారిని పిలవడం ఎట్లా అన్నాను. సంబోధన ఎదుట ఉన్నవారికే చెల్లుతుందని వ్యాకరణం. అది కూడా అన్నాను.

అపర్ణ కంచం ఎత్తుకొని లేచింది. అన్నం సగం మిగిలింది.

నేను చెప్పినది వ్యాకరణరీత్యా సరైనదే.

16-5-2025, శుక్రవారం.

శ్రీవత్స తల్లీబిడ్డలను పులివెందులలో దించి, అటునుండి అటే కలమల్ల కరెంటు ప్లాంటులో రాత్రి డ్యూటీకి వెళ్ళాడు. ఎండలు తగ్గేవరకు అమ్మ దగ్గర ఉంటానని అపర్ణ జానకితో అన్నదట. అక్కడా ఇవే ఎండలు.

18-5-2025.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. చదువుకోవడానికి అనుకూలం.

21-5-2025.

చదవలేదు.

24-5-2025, శనివారం.

ప్రశాంతంగా ఉంది.

మాబున్ని పాలు పోసి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది. "నా బిడ్డ యాడ అయివారూ?"

పులివెందులలో ఉన్నదన్నాను.

"తవుడుకిచ్చినా గానీ తరుముకోమని ఇయ్యల్యా. బాగ జూస్కుంటామనే జానకమ్మక్క కొనింది. జూసుకోకపోతే నా బిడ్డ నాకు వాపసు తెచ్చియ్యండి. తవుడు యాడికీ పోలేదు, బస్తాలోనే ఉంది."

"ఎండలని వెళ్ళారు" అన్నాను.

"ఎండలే, ఎండలే" అంటూ పోయింది. ఒకే మాటను అట్లా రెండుసార్లు అనడంలో ఆమె ఉద్దేశం నాకు తెలుసు.

2-6-2025, సోమవారం.

పాఠశాలలు తెరిచే రోజు దగ్గర పడింది. నాకు సంబంధం లేదు. అయినా గమనించాను.

రాత్రి జానకి పులివెందులకు ఫోను చేసి, అందులో బిడ్డ బొమ్మ చూస్తూ మాట్లాడింది. ఈ గదిలోకి వినిపిస్తూనే ఉంది. తవిటీ, ఇట్ల జూడు. తవిటీ, నవ్వు ఒకసారి. అది నవ్విందని జానకి ఎవరితోనో చెప్పింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు గనుక నాతోనే అయి ఉండాలి. నేను వెళ్ళేలోగా ఫోను పెట్టేశారు.

"ఏమండీ, మీరు చెప్పినారే, నీవార. అది వరే కదా?" అన్నది.

"అడవి వరి."

"వరి అయితే తవుడు ఉండదా?"

ఉంటుంది. ఈ సంగతి నాకు జమ్మలమడుగులో తోచలేదు.

తవిటికి ముద్దుపేరు లేదు. కుదించడానికి అందులో ఏమీ లేదు.

11-6-2025.

బీరువా తెరిచాను. మూశాను.

19-6-2025, గురువారం.

గిన్నెను చేతిరుమాలులో చుట్టి బంగారు అంగళ్ళ వీధికి తీసుకొనిపోయాను. గిన్నెల మీద పేర్లు చెక్కే ఖాదర్ ఇప్పుడు కొట్టుకు రావడం లేదు, కళ్ళు కనబడవట. అతడి కొడుకు ఫయాజ్ కూర్చుంటున్నాడు. ఉన్న పేరు చెరిపి వేరొకటి చెక్కాలని చెప్పాను.

ఫయాజ్ గిన్నెను వెలుతురుకు తిప్పి చూశాడు. "చెరపొచ్చు అయివారూ. కానీ అరగదీస్తే పల్చనైతాది. ఉగ్గుగిన్నె గదా, పాప పట్టుకోని కింద కొడ్తే సొట్ట పడ్తాది." తరువాత బొటనవేలితో అక్షరాలు తడిమాడు. "మా నాయన చెయ్యి. ఇప్పుడిట్ల కొట్టేటోళ్ళు లేరు. యెవురి పేరు ఇది?"

"మా పెద్ద మనుమరాలిది."

"మసి పట్టి అక్షరం సరిగా తెలీల్యా. ఏం పేరు?"

పలికాను.

కొట్టులో ఒక ముసలామె కాళ్ళపట్టీలు బేరం చేస్తున్నది. ఆమె తిరిగి చూడలేదు. వీధిలో ఆటోలు పోతున్నాయి. ఏమీ జరగలేదు. ఏమి జరుగుతుందని అనుకున్నానో తెలియదు.

"మంచి పేరు" అన్నాడు ఫయాజ్. "బడికి పోతాందా పాప?"

"ఇంకా పోలేదు" అన్నాను. అసత్యం కాదు.

"అయితే దీన్ని చెరిపి కొత్త పేరు ఏం కొట్టాల? రాసియ్యండి."

కాగితం ఇచ్చాడు. కలం చేతిలో పట్టుకొని కొంతసేపు ఉన్నాను. ఏమీ కొట్టవద్దని, ఉన్న పేరు స్పష్టంగా తెలిసేటట్టు మెరుగు పెట్టమని చెప్పాను.

"అంతేనా?"

"క్రింద చోటు ఉందా?"

"ఇంగోపేరుకు ఉంది. చిన్న అక్షరాలైతే రెండుకు."

"ప్రస్తుతం మెరుగు పెట్టు."

6-7-2025, ఆదివారం. తొలి ఏకాదశి. పులివెందుల.

ఉదయం బస్సుకు బయలుదేరాము. మాబున్ని గుప్పెడు తవుడు గుడ్డలో మూటకట్టి జానకి చేతిలో పెట్టింది. "అయివారు మల్లా గొప్ప పేరేదన్నా పెడితే దీంతో దిష్టి తీయండక్కా" అన్నది, నాకు వినబడేటట్టు.

అపర్ణ వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చుని, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాస్తున్నది. బిడ్డ పెరిగింది. తొడల మీద మడతలు వచ్చాయి. మమ్మల్ని చూసి అపర్ణ లేవబోయింది. బిడ్డ జారుతుందని జానకి కూర్చోబెట్టింది.

ఏమి మాట్లాడాలని అనుకున్నానో బస్సులో రెండుసార్లు వాక్యాలు కూర్చుకొన్నాను. అవి అక్కరకు రాలేదు. చేతిరుమాలు విప్పి గిన్నెను ఆమె పక్కన పెట్టాను.

ఆమె నూనె చేతిని చీర కొంగుకు తుడుచుకొని గిన్నెను తీసుకొన్నది. చాలాసేపు చూసింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు నిలిపింది.

"చెరిపించినారేమో అనుకున్న్యా. పోయినవారం అత్తమ్మ ఫోనులో చెప్పింది, గిన్నె బీరువాలో లేదని."

చెరిపించడానికే తీసుకొనిపోయానని చెప్పాను.

"మరి?"

"చెరిపితే పలచబడుతుందన్నాడు."

అపర్ణ నా ముఖంలోకి చూసింది. చదువు చెప్పినవాడిని గనుక, ఎదుటివారు నా సమాధానాన్ని దిద్దుతున్నప్పుడు నాకు తెలుస్తుంది. ఆమె దిద్దలేదు.

"పిలవండి మామయ్యా" అన్నది.

నిలబడ్డాను. కూర్చుని పిలవడం నాకు అలవాటు లేదు.

"వల్లకి."

జానకి స్తంభం పట్టుకొన్నది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

పలకని పిల్లను మరొకసారి పిలవడం నా పద్ధతి. వల్లకి అని మరొకసారి పిలిచాను. బడిలో ఆగే దానికన్నా ఎక్కువసేపు ఆగాను.

అపర్ణ ఏడుస్తూనే బిడ్డ కాలికి నూనె రాస్తున్నది. "వీణ అని చెప్పినారు గదా మీరు, అర్థం" అన్నది. అవునన్నాను. "మూడు దినాలూ అట్లే పిలిచినా నేను. వల్లీ అని, వల్లమ్మా అని. మీకు చెప్పల్యా."

నాకు తెలియదు. ఆ పేరుకు ముద్దుపేర్లు ఉన్నాయని నేను ఎన్నడూ అనుకోలేదు.

కొంతసేపటికి ఆమే అన్నది: "ఇంగ దీన్ని గూడా పిలవండి."

"నీవార" అన్నాను.

బిడ్డ దూలం వైపు చూస్తున్నది. మరొకసారి పిలిచాను. దూలం వైపే చూస్తున్నది.

"దానికి అది తెల్చదు మామయ్యా" అన్నది అపర్ణ.

వంగాను. ఈ వయసులో వంగడం కష్టం.

"తవిటీ" అన్నాను.

తల తిప్పి చూసింది.

7-7-2025, సోమవారం. ప్రొద్దుటూరు.

ఎండలు తగ్గాయి. శ్రీవత్సకు గురువారం సెలవు. తల్లీబిడ్డలను తీసుకొని వస్తాడు. మాబున్నికి చెప్పాను. "నా బిడ్డే గదా, నాకు తెల్చదా?" అన్నది. తెలిసే వీలు లేదు, ఇప్పుడే చెప్పాను.

ఫయాజ్ దగ్గరికి వెళ్ళాలి. గిన్నె మీద వల్లకి క్రింద నీవార అని చెక్కించమని అపర్ణ చెప్పింది. దాని క్రింద తవిటి అని కూడా ఉండాలని జానకి పట్టుబట్టింది. అది పేరు కాదని, చోటు చాలదని చెప్పాను.

చిన్న అక్షరాలైతే చాలుతుంది.